తెలీదన్న మనిషి

మా దీదీ పోయిందని పొద్దున్నే ల్యాబు గ్రూపులో పెట్టేరు. కింద వరసగా దండాలు, పువ్వులు, దీపాలు. ఆ దండాలు పెట్టినవాళ్ళలో సగంమంది, ఆవిడ బతికుండగా ఎదురొస్తే గోడకి అంటుకుపోయి దారిచ్చినవాళ్ళే. ఒకడైతే "ఎప్పుడూ నవ్వుతూ ఉండే మా దీదీ" అని రాసేడు. ఓలమ్మో! ఆవిడ నవ్వగా చూసినవాడెవడో వచ్చి నా ముందు నిలబడమనండి. ఆవిడ కింద అన్నేళ్ళు పనిచేసేను, పళ్ళు కనబడేలా నవ్విన రోజు ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆవిడకి నచ్చదు. ఆవిడ దగ్గర ఎవరికీ పేర్లుండేవి కావు. ఆసుపత్రుల నించి నెత్తురు గొట్టాలొస్తే, పేరు మీద నెంబరు చీటీ అతికించీసి అప్పుడు లోపలికి తెమ్మనేది. "పేరు తెలిస్తే చెయ్యి మొగ్గుతాదే. మనవాడిదంటే బాగుండాలనిపిస్తాది. పడనివాడిదైతే ఇంకోలా అనిపిస్తాది. నువ్వేమీ దేవతవి కావు, నీకూ అనిపిస్తాది. నెంబరుకైతే ఏటీ అనిపించదు" అనేది. మమ్మల్నీ పేర్లతో పిలిచేది కాదు. మొగాళ్ళందరూ భయ్యాలే. ఆడవాళ్ళం "ఒసే". ఎక్కువమంది ఒసేలు పోగైతే ఊరు తగిలించేది. నేను "ఒసే బ్రూక్షాబాద్"ని. మా అమ్మ ముద్దుగా పెట్టుకున్న పేరు ఆ ల్యాబులో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా వినబడలేదు.

మాది జ్వరాల ల్యాబు. పోర్ట్ బ్లెయిర్‌లో వానలు మొదలైతే మాకు చేతినిండా పని. ముఖ్యంగా ఎలుక జ్వరం. ఎలుకల ఉచ్చ కలిసిన పొలం నీళ్ళల్లో కాళ్ళు నానితే వస్తాది. ఒళ్ళు నెప్పులతో మొదలవుతాది, కళ్ళు ఎర్రబడతాయి, కొందరికి ఊపిరితిత్తుల్లో నెత్తురు దిగి నోటంట వస్తాది. అలా వచ్చినవాళ్ళు బతికి బయటపడ్డం తక్కువ.

వాళ్ళ నెత్తురు మాకొస్తాది. గిర్రున తిప్పే మిషన్లో పెడితే ఎర్రది అడుక్కి దిగి, పైన పసుపుపచ్చటి నీరు తేరుకుంటాది. దాన్ని ప్లాస్మా అంటాం. పరీక్షకి కావలసిన కిట్టు మెయిన్‌లాండ్ నించి రావాలి, ప్లేటు నిండడానికి సరిపడా గొట్టాలు పోగవ్వాలి. అందాకా ఆ ప్లాస్మాని గడ్డకట్టించి పెద్ద ఫ్రీజర్లో దాస్తాం. తరవాత కరిగించి, ప్లేటులో ఉండే చిన్న చిన్న గుంతల్లో పోస్తాం. ఒళ్ళు ఆ జ్వరంతో పోట్లాడిన గుర్తు అందులో ఉంటే గుంత పసుపు తిరుగుతాది. లేకపోతే నీళ్ళలా ఉండిపోతాది. రంగు ఎంత చిక్కగా ఉందో మిషను అంకె చెప్తాది. గీత దాటితే జ్వరం ఉన్నట్టు. వినడానికి ఇంతే. దీదీ పక్కన నిలబడి చేస్తే తెలుస్తాది ఎంతో.

మొదటి రోజే తిట్లు తిన్నాను. గొట్టం ఫ్రీజర్లోంచి తీసి, బేగి కరుగుతాదని అరచేతుల్లో పెట్టి రుద్దుతున్నాను. వెనకనించి చెయ్యొచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఏటే, చలి కాచుకుంటన్నావా?"

"కరిగిస్తున్నాను దీదీ."

"దానికీ ఒక టైముంటాది. ఇవ్వు." గొట్టం లాక్కుని ఐసు ట్రేలో గుచ్చింది. కరిగేదాకా నన్ను అక్కణ్ణించి కదలనివ్వలేదు. కరిగింది కదా అని నేను పైనించి తియ్యబోయేను. మళ్ళీ మణికట్టు!

"కలిపేవా?"

"అంతా కరిగిపోయింది కదా దీదీ."

"మజ్జిగ ముంత తేరుకున్నాక పైనున్న నీళ్ళు గ్లాసులో వంపుకుని, ఇందులో పెరుగే నేదని మీ అత్త మీద పడతావేటి?"

నాకప్పటికి పెళ్ళే కాలేదు. అయినా అర్థమైంది. గడ్డకట్టింది కరిగేటప్పుడు చిక్కటిదంతా అడుక్కి దిగుతాది. పైనించి తీస్తే నీళ్ళే వస్తాయి, ఉన్న జ్వరం లేదని వచ్చీస్తాది. అలాగని గిలక్కొట్టకూడదు, నురగొస్తాది. దీదీ గొట్టాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా తలకిందులు చేసేది, మళ్ళీ మెల్లగా పైకెత్తేది. పాలు తాగిన పసిగుంటని భుజానేసుకున్న తల్లికుండే నిదానం అది. ఆ కాసేపూ ఆవిడ మొహం మెత్తబడేది. కలపడం అయిపోగానే మళ్ళీ మామూలే.

తరవాత కిటికీ. ప్రతి గొట్టాన్నీ కిటికీ దగ్గర వెలుగుకి పట్టి, ఒక కన్ను మూసుకుని, మెడ వంకరపెట్టి చూసేది. "తీగుంది" అనేది. గడ్డకట్టి కరిగిన ప్లాస్మాలో ఒక్కోసారి దారప్పోగుల్లాంటివి తేలతాయి. పోగు ఒకటి గుంతకి అంటుకుంటే కడిగినా ఊడదు, లేని రంగు చూపిస్తాది. అందుకని మళ్ళీ మిషన్లో తిప్పి, పోగులన్నీ అడుక్కి దించి, పైది తియ్యాలి. ఇదంతా ప్రతి గొట్టానికీ చెయ్యాలంటే నడుములు పడిపోయేవి. మాలో ఎవడైనా విసుగొచ్చి, ఇలాగే నడిచిపోతాదిలెమ్మని "చలేగా దీదీ" అన్నాడా, అయిపోయేడే!

"నా ల్యాబులో 'చలేగా' అన్నోడు చలా జాయేగా. సమ్‌ఝా? గేటు అటు."

ఈ దీవుల్లో 'చలేగా' అనకుండా పని చెయ్యడమంటే మాటలా? ఓడ రాలేదా, చలేగా. కరెంటు పోయిందా, చలేగా. మేమంతా ఆ మాట మీదే బతికేవాళ్ళం. దీదీ దగ్గర నాలిక కరుచుకుని బతికేం.

ఆవిడ తల్లి జంగ్లీఘాట్‌లో చేపలమ్మేది. శ్రీకాకుళం వైపు నించి వచ్చిన వాడబలిజి వాళ్ళు. చిన్నప్పుడు తల్లి పక్కన గోనె మీద కూచుని, ఐసులో కరిగి మళ్ళీ గడ్డకట్టిన చేపేదో వేలుతో నొక్కి చెప్పడం నేర్చుకుందట. "కరిగి గడ్డకట్టింది కంటికే గడ్డ" అని తల్లి అనేదట. దీదీ కూడా అనేది, చేపల గురించి కాదు, గొట్టాల గురించి. మధ్యాహ్నం వరండాలో కూచుని ఎండు నెత్తళ్ళ వేపుడుతో అన్నం తినేది. వాసనకి ఢిల్లీ నించి వచ్చిన పెద్దాఫీసర్లు ముక్కు మూసుకుని వెళ్ళిపోయేవారు. ఆవిడ కావాలనే అక్కడ కూచునేదని నా అనుమానం.

పెద్ద ఫ్రీజర్లో ఒక మూల ఆవిడ సొంత గొట్టం ఒకటుండేది. అందులో నెత్తురూ లేదు, పాడూ లేదు. ఎర్ర రంగు కలిపిన నీళ్ళు సగందాకా పోసి, నిలబెట్టి గడ్డకట్టించి, ఆ తరవాత అడ్డంగా పడుకోబెట్టింది. ఎర్ర ఐసు గొట్టం అడుగు భాగంలోనే ఉండాలి. ఎప్పుడైనా ఫ్రీజరు కరిగి మళ్ళీ గడ్డకడితే, ఆ నీళ్ళు పక్కకి పరుచుకుని గొట్టం పొడుగునా గడ్డకడతాయి. మీటరు అబద్ధమాడినా ఇది ఆడదని ఆవిడ నమ్మకం. రోజూ పొద్దున్న రాగానే చెప్పులు విప్పి, ముందు దాన్ని చూసేది. కొందరు దేవుడి పటం చూస్తారు కదా, అలాగ. మేం వెనక నవ్వుకునేవాళ్ళం.

ఒక ఏడొచ్చిన వానలు మామూలు వానలు కావు. ఓడలాగిపోయేయి, విమానాలాగిపోయేయి. కిట్టు చెన్నైలోనే చిక్కుకుంది. చెట్లు పడి కరెంటు తెగింది. జనరేటరు నడిచినంతసేపు నడిచి, డీజిలైపోయి ఆగిపోయింది. కొండ మీద రోడ్డు కొట్టుకుపోయి మాలో ఎవరమూ ల్యాబుకి చేరుకోలేకపోయేం. దారి బాగయ్యి, కరెంటొచ్చి, మేమందరం వెళ్ళేసరికి ఫ్రీజరు మామూలుగానే గుర్రుమంటోంది. మీటరు మీద మైనస్ ఎనభై. నేను చేతులు జోడించేను. "ఏం కాలేదు దీదీ, బతికిపోయేం!" అని గంతులేసేను కూడా.

దీదీ చెప్పులు విప్పి, తలుపు తీసి, ఆ మూల గొట్టం బయటికి తీసింది. ఎర్ర ఐసు గొట్టం పొడుగునా పరుచుకుని ఉంది.

ఆవిడ గొట్టాన్ని నాకు చూపించింది. తరవాత అందులో ఉన్న డబ్బాలన్నిటి మీదా తనే ఎర్రటి టేపు అతికించుకుంటూ పోయింది. ఆ వానల్లో వచ్చిన జ్వరాలన్నీ ఆ డబ్బాల్లోనే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం వరండాలో గిన్నె మూత తియ్యకుండానే కూచుని లేచి వచ్చీసింది.

కిట్టొచ్చేక, ఇదంతా అయిన కొన్నాళ్ళకి, ఒక పిల్ల మా గేటు దగ్గర వచ్చి కూచుంది. పిల్లంటే పెళ్ళై బిడ్డ ఉన్నదే. మొగుడు జంగ్లీఘాట్ వాడు, బోటు మీద వెళ్ళేవాడు. వేట బందు రోజుల్లో కూలీకని ఫెరార్గంజ్‌లో చుట్టాల పొలానికి ఊడ్పులకి వెళ్ళేడు. మోకాలి లోతు బురదలో దిగి, జ్వరంతో తిరిగొచ్చేడు. ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే నోటంట నెత్తురొచ్చి పోయేడు.

నోటంట నెత్తురు! మనవాళ్ళకి అది చాలు కదా. నెత్తురు కక్కుకుని పోయేడంటే చిల్లంగి, చేతబడి. పెట్టిందెవరు? ఇంట్లో అన్నం పెట్టినదే. అత్తమామలు ఆ పిల్లని బయటికి తోసి, చంటిదాన్ని తమ దగ్గరే ఉంచేసుకున్నారు. పుట్టింటివాళ్ళు గొడవ చేస్తే కులపెద్దలు మధ్యన పడ్డారు. "ఏ జ్వరంతో పోయేడో పరీక్ష చేసినవాళ్ళ చేత చెప్పించు. జ్వరమని తేలితే నీ బిడ్డ నీది" అన్నారట. ఆసుపత్రిలో అడిగితే వాళ్ళు, నెత్తురు ల్యాబుకి పంపేం, అక్కడడుగు అన్నారు. అలా మా గేటు దాకా వచ్చింది.

నేను దీదీ దగ్గరికి పరిగెత్తేను. పేరు చెప్పబోతే చెయ్యెత్తింది. "నెంబరు."

నెంబరు చూసేం. ఎర్ర టేపు డబ్బాలో ఉంది. మామూలుగా దీదీ ఒకరి ప్లాస్మాని నాలుగైదు చిన్న గొట్టాల్లో పంచి దాచేది, ఒకటి కరిగించినా మిగతావి భద్రంగా ఉంటాయని. ఇతనిది అంత దొరకలేదు. ప్రాణం మీదున్న మనిషి, నరాలు దొరక్క ఏదో కొంచెం తీసేరు. ఒక్కటే గొట్టం, అదీ సగం.

"ఇది పాడయిపోయిందని తెలుసు కదా దీదీ. అయినా ఒక్కసారి చూద్దాం" అన్నాను. ఒప్పుకోదనుకున్నాను. ఐసు ట్రే తీసుకురమ్మంది.

ఆ రోజు ఆవిడ చేసినంత జాగ్రత్తగా ఇంకెవరూ చెయ్యగా నేను చూడలేదు. కరగనిచ్చింది. తిప్పింది. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. తీగలున్నాయి. మిషన్లో పెట్టింది, మళ్ళీ చూసింది, మళ్ళీ పెట్టింది. ఏ ప్లాస్మా అయినా రెండు గుంతల్లో పోస్తాం, ఒకటి తప్పు చెప్తే రెండోది పట్టిస్తాదని. పోసింది. కూచున్నాం.

ఒక గుంత పసుపు తిరిగింది. గీత దాటింది. పక్క గుంత పాలిపోయి కిందే ఉండిపోయింది.

మళ్ళీ చేసింది. ఈసారి పక్కది దాటింది, మొదటిది ఆగిపోయింది. ఒకే మనిషి నెత్తురు ఒకసారి అవునంటోంది, ఒకసారి కాదంటోంది. పోల్చి చూడ్డానికని అదే ప్లేటులో పోసే తెలిసిన జ్వరం గుంత, జ్వరం లేని గుంత సరిగ్గానే ఉన్నాయి. తప్పు ప్లేటుది కాదు, కరిగి చెడిపోయిన ఆ సరుకుది. ఇంకోసారి చేద్దామంటే గొట్టంలో తడి కూడా మిగల్లేదు.

"వచ్చింది కదా దీదీ" అన్నాను. "రెండుసార్లూ ఒకటి దాటింది. దాటిందే రాసేద్దాం."

"దాటనిది నేను రాయనా?"

"అది ఎవరడుగుతారు?"

"నేనడుగుతాను" అంది. గొట్టం అలాగే పట్టుకుని ఉంది. "ఒసే, విను. పొలంలో దిగేడు, కళ్ళెర్రబడ్డాయి, నెత్తురు కక్కేడు. అది ఎలుక జ్వరమే అని నాకూ అనిపిస్తంది. అనిపించింది రాయడానికి ఈ మిషనెందుకు? నేనెందుకు?"

"బిడ్డ కోసం!" అని అరిచేను. ఆవిడ మీద నేను గొంతు పెంచడం అదే మొదలు.

దీదీ గొట్టం పడేసి, చేతులు కడుక్కుని వచ్చింది. "పెద్దల దగ్గరికి నేను వస్తాను. నెత్తురు పాడయిందని, తేల్చలేమని నేనే చెప్తాను. తేలనిదానికి శిక్ష ఎయ్యరు కదా. ఎవరేస్తారు?" అంది. నిజంగా అలాగే అనుకుంది. నేనూ అనుకున్నాను, అంత పెద్దావిడ వచ్చి చెప్తే వింటార్లే అని.

ఆదివారం పొద్దున్న జంగ్లీఘాట్ కమ్యూనిటీ హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీలోంచి ఎండుచేపల వాసన. దీదీ ఇస్త్రీ చీర కట్టుకుని గొడుగు పట్టుకుని వచ్చింది. కులపెద్ద లేచి నిలబడి కుర్చీ చూపించేడు. మంచి మనిషే, చెడ్డవాడని నేననలేను.

"రా అమ్మా. నువ్వు మన పిల్లవే. మీ అమ్మ ఈ ఘాట్లోనే తట్ట దించీది. నువ్వేం చెప్తే అది వింటాం."

దీదీ చెప్పింది. కరెంటు పోవడం, ఫ్రీజరు కరగడం, తీగలు, రెండు గుంతలు, అన్నీ వరసగా చెప్పింది. హిందీ కలవకుండా చక్కటి తెలుగులో, చేపల భాషలో చెప్పింది. జనం బాగా విన్నారు. తలలూపేరు కూడా.

"బాగుందమ్మా. మరి జ్వరమేనా?" అన్నాడు పెద్దాయన.

"జ్వరం అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చా, అయ్యిందా?"

"చెప్పలేను. నాకు తెలీదు."

"కాకపోయుండొచ్చా?"

నేను పక్కనుంచి ఆవిడ చీర కొంగు లాగేను. అక్కడ ఆగిపొమ్మని. ఆవిడ ఆగలేదు. ఆగితే ఆవిడ దీదీ ఎందుకవుతాది!

"కాకపోయీ ఉండొచ్చు" అంది.

హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. అత్త నెత్తి బాదుకుని ఏడుపందుకుంది. "అంతంత మిషన్లకి దొరకని జ్వరమేటి బాబూ! అది జ్వరమైతే దొరకదా! మిషనుకి చిల్లంగి దొరుకుతాదా!" అని. పక్కనున్న ఆడవాళ్ళు ఔనౌనన్నారు. పెద్దాయన తలొంచుకున్నాడు.

దీదీకి అప్పుడర్థమైంది. లేచి నిలబడింది. "దొరకలేదనలేదు! చూడలేకపోయేమన్నాను! నాకు తెలీదంటే నాకు తెలీదని. మీకు తెలుసని కాదు! ఆ పిల్ల ఏదో చేసిందని నేను చెప్పేనా? అన్నానా ఆ మాట?" గొడుగు నేలకేసి కొట్టింది. గొంతు చిరిగిపోయింది. ఎంత అరిస్తే అంత, తప్పు కప్పిపుచ్చుకుంటున్నట్టే కనబడింది నా కళ్ళకి కూడా.

"కోప్పడకమ్మా" అన్నాడు పెద్దాయన. "నిన్నెవరూ ఏమీ అనలేదు. నువ్వు ఉన్నమాట చెప్పేవు. ల్యాబుకీ తేల్లేదు, బస్, అంతే."

ఆ పిల్ల స్తంభానికి ఆనుకుని కూచుంది. ఏడవలేదు. అత్త ఒళ్ళో చంటిది బిస్కట్టు చీకుతోంది. దాన్నే చూస్తూ ఉండిపోయింది, ఎవరో రెక్క పట్టుకుని లేపేదాకా.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దీదీ, డెలానీపూర్ ఎత్తు ఎక్కుతుండగా అంది. "మన దగ్గర తెలీదంటే ఆగుతారు. మళ్ళీ నెత్తురు తెస్తారు. ఈళ్ళు ఆగరేటే?"

"ఎక్కణ్ణించి తెస్తారు దీదీ? మనిషిని కాల్చేసేరు" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. "ఒక్క సంతకం. పెట్టుంటే ఈపాటికి ఆ పిల్ల ఒళ్ళో బిడ్డ ఉండేది."

"అవును. ఉండేది."

"మరి?"

"మరేటి. తెలీదు కదా."

ఆవిడ మొహం చూడ్డానికి నాకు మనసొప్పలేదు. ఆ తరవాత మేం పనిమాటలు తప్ప మాట్లాడుకోలేదు. కొన్నాళ్ళకి నేను ఆసుపత్రి ల్యాబుకి మారిపోయేను. ఎక్కడ ఆవిడ మాటొచ్చినా "నేనైతే రాసీదాన్ని" అని చెప్పేదాన్ని. మా ఆయనకి చెప్పేను, అత్తకి చెప్పేను, ఫెర్రీలో పక్క సీటావిడకి కూడా చెప్పేను. చెప్పినప్పుడల్లా అందరూ నాదే మంచి మనసన్నారు.

దీదీ మాత్రం పనిలో అలాగే ఉందని విన్నాను. అదే ఐసు ట్రే, అదే కిటికీ. కాకపోతే జంగ్లీఘాట్ బజారుకి వెళ్ళడం మానేసిందట. తల్లి కూచున్న చోటు, అక్కడ తప్ప ఎక్కడా చేప కొనేది కాదు. ఇంటి ముందుకొచ్చే బండి దగ్గర, నొక్కి కూడా చూడకుండా, ఇచ్చింది పుచ్చుకునేదని వాళ్ళ మరదలు చెప్పింది. రిటైరయ్యేక ఒకసారి డెలానీపూర్‌లో మందుల షాపు దగ్గర కనబడింది. సగమైపోయింది మనిషి. "కలిపే తీస్తన్నావా?" అనడిగింది. తీస్తున్నానన్నాను. "ఊఁ" అని వెళ్ళిపోయింది. ఆవిడతో ఆఖరి మాట అదే.

ఇవాళ వెళ్ళేను. ఇంటి ముందు టార్పాలిన్ కట్టేరు. పెద్దగా జనం లేరు. గ్రూపులో దండాలు పెట్టినవాళ్ళొక్కరూ రాలేదు. దీదీని వరండాలో పడుకోబెట్టేరు, మరదలు తలదగ్గర దీపం చూసుకుంటోంది. నేనో కుర్చీ లాక్కుని కూచున్నాను. ఏడుపు రాలేదు. కోపమే ఉంది ఇంకా, చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఒకావిడ గేటు తోసుకుని వచ్చింది. నెరిసిన జుట్టు, ముతక చీర. దీదీ కాళ్ళ దగ్గర వంగి దండం పెట్టి, కాసేపు అక్కడే కూచుని, లేచి నా దగ్గరికొచ్చింది.

"మీరు ఆ రోజు ఈవిడతో హాలుకొచ్చేరు కదండీ."

అప్పుడు గుర్తుపట్టేను. వయసులో నా కంటే చిన్నది, పెద్దదానిలా ఉంది. కుర్చీ ఇవ్వబోయేను, ఒద్దంది.

"మా పాప పెద్దదయిందండీ. ఫోన్ల కొట్లో చేస్తంది. తాత పోయేడు, ఇంక మామ్మే ఉంది. మొన్న నాకు ఫోన్ చేసింది, దానంతటది చెయ్యడం ఇదే." ఆగింది. "నాన్న ఏ జ్వరంతో పోయేడో నిజం చెప్పమంది. చెప్తే నా దగ్గరికి వస్తానంది. నేనేటి చెప్పగలను? ఈవిడ్నే అడుగుదామని బయల్దేరేను. అప్పుడు తెలీకపోయినా ఇన్నాళ్ళలో ఏ కొత్త మిషన్లోనైనా తేలిందేమోనని. సందు మొగలో చెప్పేరు, పోయేరని."

వరండా వైపోసారి చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది.

"మీకు తెలుసేటండీ?" అంది.

ఇన్నేళ్ళూ నేనైతే రాసీదాన్నని చెప్పుకు తిరిగేను. ఇప్పుడు రాయక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఎలుక జ్వరం. రెండు ముక్కలు. నా మనసుకి అదే నిజమనిపిస్తాది కూడా. ఆ మాటంటే ఆ పాప తల్లి దగ్గరికొస్తాది. అడ్డెవరు? మణికట్టు పట్టుకునే మనిషి వరండాలో పడుకుని ఉంది. నోరు తెరిచేను.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

అన్నాక నా మీద నాకు అసహ్యమేసింది. ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడింది. తిట్టినా బాగుండేది.

"సరేనండీ. దానికి అదే చెప్తాను" అంది. "మిగతావాళ్ళందరూ దానికి, తెలుసనే చెప్పేరు."

చెప్పులేసుకుని గేటు దాటింది. రోడ్డవతల నీడలో నిలబడి, సంచిలోంచి ఫోను తీసి నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. నేను కూచున్న చోటుకి బాగానే కనబడుతోంది. ఒకసారి తీసి చూసుకుని, మళ్ళీ నొక్కి, మళ్ళీ పెట్టుకుంది. చాలాసేపు అలాగే నిలబడింది. ఆవిడ పెదాలు కదలడం మాత్రం నేను చూడలేదు.